నల్ల బీరులో తాటిబెల్లం

మా ఇంటి వసారా పడమటి వైపు కాలవకి ఆనుకుని ఉంటుంది. మధ్యాహ్నం మూడు దాటాక ఎండ నీళ్ళ మీద పడి, అక్కణ్ణించి లేచి, వసారా పైకప్పు చెక్కల మీద మెల్లగా కదులుతుంది. పడుకుని చూస్తుంటే మనం నీళ్ళ అడుగున ఉన్నట్టు, పైన ఎవరో పడవ వేసుకుని పోతున్నట్టు ఉంటుంది. నా జన్మలో మొదటిసారి నేను బీరు తాగింది ఆ వెలుగులోనే. తాగానంటే ఎంతనీ, మూడు మధ్యాహ్నాలు, రోజుకి నాలుగైదు గుక్కలు. అప్పటికి నాకు యాభై ఎనిమిదేళ్ళు. అంతకు ముందు నా నాలిక అలాంటిది ఏదైనా ఎరుగునూ అంటే, చర్చిలో ప్రభువు బల్ల దగ్గర ఇచ్చే ద్రాక్షరసమే. అందులో మత్తు లేదని పాస్టరుగారు గట్టిగా చెబుతారు.

నా చేత తాగించింది మా మరిది. మా ఆయనకి ఆఖరి తమ్ముడు. నేను కాపురానికి వచ్చేనాటికి వాడికి ఆరేళ్ళు, తల్లి లేదు. నా కొంగు పట్టుకుని వంటింట్లోనే పెరిగాడు. అందుకే నలభై దాటినా నాకు వాడు 'చిన్నోడే'. హోటలు పని నేర్చుకుని మస్కట్‌లో పదేళ్ళు చేశాడు. తరవాత బెంగుళూరు వచ్చి, బీరు సొంతంగా కొంచెం కొంచెంగా కాచుకునే ఒక చిన్న కంపెనీలో చేరాడు. అక్కడ వాడి పని, కాచిన ప్రతి బీరూ వాసన చూసి, నోట్లో పోసుకుని, ఇది పంపొచ్చు, ఇది పంపకూడదు అని చెప్పడం. ఆ సంగతి మొదట విన్నప్పుడు మా ఆయన, "తాగినందుకు జీతవిస్తారట్రా? ఇన్నాళ్ళూ మనూళ్ళో ఎందరు జీతాలు పోగొట్టుకున్నారో కదా" అన్నారు.

వాడికి ఆ ముక్కు నా దగ్గర్నించే వచ్చిందని వాడంటాడు. నాకు మా అమ్మ దగ్గర్నించి వచ్చింది. మా పుట్టిల్లు ఆత్రేయపురం. అమ్మ పూతరేకులు చుట్టేది. వెన్న కాగేటప్పుడు నన్ను పొయ్యి పక్కన కూర్చోబెట్టుకుని, "కళ్ళు మూసుకోవే. ఎప్పుడు దింపాలో నువ్వే చెప్పు" అనేది. కళ్ళు మూసుకుంటే ముందు మజ్జిగ వాసన, తరవాత తడి మట్టి వాసన, తరవాత ఏమీ లేనట్టు ఒక్క క్షణం, ఆ తరవాత కమ్మగా వచ్చేది. ఆ ఏమీ లేని క్షణం దాటీ దాటకుండా "దింపమ్మా" అనాలి. ఐదో తరగతితో బడి అయిపోయింది గానీ, ఆ చదువు మటుకు ఇప్పటికీ ఒంటబట్టి ఉంది. మా ఊళ్ళో ఎవరు నెయ్యి కొన్నా, ఆవకాయ జాడీ మూత తీసినా, "ఓసారి చూసి చెప్పండి" అని మా ఇంటికి వస్తారు.

ఆ ఏడాది వానలు ఒక పట్టు పట్టి వదిలిన రోజుల్లో, చెప్పాపెట్టకుండా చిన్నోడు దిగాడు. భుజాన సంచీ, చేతిలో అట్టపెట్టె. వాణ్ణి చూసిన సంబరంలో నేను పొయ్యి మీద రొయ్యల కూర మర్చిపోయి అడుగంటించాను. ఇల్లంతా మాడు కంపు. వాడు కూర్చుని రెండుసార్లు మారు వడ్డించుకుని తిన్నాడు.

"ఎలా ఉందిరా?" అన్నాను, సిగ్గుపడుతూనే.

"బ్రహ్మాండంగా ఉంది వదినా."

నేనేమీ అనుకోలేదు. మా వైపు అంతే. పెట్టినవాళ్ళ మొహం మీద వంక పెట్టడం మా దగ్గర తిట్టుకిందే లెక్క. మా పెద్దమ్మాయి పెళ్ళి కుదిరినప్పుడు వియ్యపురాలుగారు కంగారులో పంచదార బదులు ఉప్పు పోసి పాయసం చేశారు. మేం ఏడుగురం తిన్నాం. మా ఆయన మారు కూడా అడిగి, "ఇలాంటి పాయసం ఎప్పుడూ తిన్లేదండి" అన్నారు. అబద్ధం కాదు కదా. చివర గిన్నెలో మిగిలింది ఆవిడ తను నోట్లో పెట్టుకుని గొల్లుమంది. అప్పుడు కూడా మేం, "అబ్బే, కొంచెం ఉప్పుంటేనే రుచండి" అన్నాం.

అందుకని నేను చిన్నోడితో, "మర్యాదలకి పోకు. మాడిపోయింది కదా" అన్నాను.

వాడు కంచం వైపు చూశాడు. "మర్యాద కాదు వదినా. నాకు నిజంగానే తెలీలేదండి."

తెలీకపోవడం ఏమిటన్నాను. అప్పుడు చెప్పాడు. నాలుగు నెలల కింద జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది, వాసన మటుకు తిరిగి రాలేదు. అన్నం తిన్నా అట్టముక్క తిన్నా ఒకటేనట. డాక్టరు కొందరికి వస్తుంది, కొందరికి ఆలస్యమవుతుంది అన్నాడట. కంపెనీలో ఎవరికీ చెప్పలేదు.

"మరి ఎలా నెట్టుకొస్తున్నావురా?"

"పక్కన తాగినోళ్ళ మొహాలు చూసి చెప్పేస్తన్నానండి. నొసలు ముడేస్తే బాలేదని, కనుబొమ్మలెత్తితే బాగుందని. ఈసారి అలా కుదరదండి. కొత్తగా నల్ల బీరు కాయాలనుకున్నారు. మూడు రకాలు చూసుకోడానికి కొంచెం కొంచెం కాచేరు. మూడింట్లో ఏది పెద్ద పీపాలో కాయాలో నేనొక్కణ్ణే చెప్పాలి. శనివారం కాస్తారు."

"తప్పు చెబితే?"

"పీపాడు బీరూ పారబొయ్యాలండి. దాంతోపాటు నన్నూను."

అని అట్టపెట్టె విప్పాడు. గడ్డి మధ్యలో మూడు నల్లటి సీసాలు, పొదిగే కోడి కింద గుడ్లలాగా ఉన్నాయి. "మీ ముక్కు ఓ మూడ్రోజులు అరువివ్వండి వదినా" అన్నాడు.

మా ఆయన చర్చి సంఘంలో పెద్ద. కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "నా వసారాలో బీరేంట్రా!"

"తాగడం కాదన్నయ్యా. రుచి చూడ్డం."

"గొంతులోంచి లోపలికెళ్తే దాన్నేవంటారు?"

"మింగకపోతే చివరి చేదు తెలీదు అన్నయ్యా."

మా ఆయన నా వైపు చూశారు, నేను నేల చూశాను. కాసేపు పంచె సర్దుకున్నారు. "నేను గేటు దగ్గర కూర్చుంటాను. పాస్టరుగారొస్తే దగ్గుతాను" అని పేపరు తీసుకుని వెళ్ళిపోయారు. ఆ మూడు మధ్యాహ్నాలూ ఆయన కోడి వచ్చినా దగ్గారు, కొబ్బరి మట్ట పడినా దగ్గారు.

మొదటి రోజు సీసా ఫ్రిజ్‌లోంచి అరగంట ముందే తీయించాడు. మరీ చల్లగా ఉంటే నాలికకి ముసుగు వేసినట్టు ఉంటుందట. స్టీలు గ్లాసు తెస్తే వద్దని, గాజుది కావాలన్నాడు. మా పెళ్ళికి వచ్చిన గాజు గ్లాసుల్లో మిగిలింది ఒకటే, దాన్ని బీరువాలోంచి తీసి కడిగాను. వాడు గ్లాసు వంచి అంచు వెంట పోశాడు. నలుపు. కుంపటి ఆరిపోయాక మిగిలే నలుపు. ఎండకి ఎత్తి పట్టుకుంటే అంచుల్లో మటుకు దానిమ్మ గింజ ఎరుపు. మీద నురుగు తెల్లగా లేదు, తేనె కలిపిన మీగడలా ఉంది.

"ఇదేం చేసి కాస్తార్రా?"

"బార్లీ గింజలండి. నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టి, వేయిస్తారు. దాన్నే మాల్టంటారు."

నాకు నవ్వొచ్చింది. "చోళ్ళు నానబోసి, గుడ్డలో కట్టి, మొలకలొచ్చాక ఎండబెట్టి వేయించి, రాగిమాల్టు కాచి పోశాను కాదురా నీకు? మీ వాళ్ళు కొత్తగా కనిపెట్టిందేవుందీ!"

"వాళ్ళు దాన్ని పులియబెడతారండి. అంతే తేడా."

నేను కళ్ళు మూసుకుని గ్లాసు మొహానికి దగ్గరగా పెట్టుకున్నాను. పైకప్పు మీది వెలుగు రెప్పల లోపల కూడా కదిలింది. ముందు వేయించిన వేరుశెనగ పొట్టు ఊదినప్పటి వాసన. తరవాత కాఫీ గింజలు. గుక్క మింగాక నాలిక వెనక కాలిన కొబ్బరి చిప్ప నిలబడింది, పోనంది. ఏది తోస్తే అది చెప్పాను. వాడు నోటు పుస్తకంలో రాసుకున్నాడు.

"చేదు ఎలాంటిదండి?"

"రెండు చేదులున్నాయి. ఒకటి మాడు చేదు, ఒకటి వేపపువ్వు లాంటిది. మాడుదే గెలుస్తోంది."

వాడు పెన్ను ఆపాడు. "ఆ రెండోది హాప్స్ అనీ, పువ్వేనండి అది! ఆ రెండు చేదులూ విడదీసి చెప్పడానికి మాకు ఏళ్ళు పట్టింది వదినా."

రెండో రోజు వాన పడి వెలిసింది. వసారా చెక్కల మీద వెలుగు పల్చగా, పాతగా ఉంది. రెండో సీసా నలుపు అంత ముదురు కాదు, నురుగు త్వరగా పడిపోయింది. వాసన చూడగానే నేను అక్కడ లేను. మా అమ్మ ఇంటి వెనక దాలి ఉంది. దాలి అంటే పిడకల నిప్పు, దాని మీద పాలకుండ పొద్దుట పెడితే సాయంత్రానికి మీగడ ఎర్రగా కట్టేది. ఆ కుండ అంచు గోకి అమ్మ నా అరచేతిలో పెట్టేది. ఆ గ్లాసులో ఉన్నది ఆ గోకుడే. తరవాత ఎండు ఖర్జూరం. తరవాత చద్దన్నం మూత తీసినప్పుడు వచ్చే ఒక చిన్న పులుపు, వచ్చిందా లేదా అనుకునేలోపే పోయింది. ఎంతసేపు అలా కూర్చున్నానో నాకే తెలీదు. కాలవలో ఎవరిదో పశువు దిగిన చప్పుడుకి కళ్ళు తెరిచాను.

చిన్నోడు నా మొహమే చూస్తున్నాడు. చిన్నప్పుడు నేను చేప ముల్లు తీసేటప్పుడు చూసేవాడు అలాగ. "ఎక్కడికెళ్ళేరు వదినా?" అన్నాడు.

చెప్పాను. వాడు పుస్తకంలో 'దాలి' అని రాసుకుని, ఖాళీ గ్లాసు తీసి తన మొహానికి ఆనించుకుని, చాలాసేపు పీల్చాడు. కింద పెట్టాడు.

మూడో రోజు గురువారం. వాడు పొద్దుటనించీ కుదురుగా లేడు. సీసా తెస్తూ, "ఇది నాదండి" అన్నాడు. మొదటి రెండూ వేరేవాళ్ళు కూర్చిన రకాలట. ఇది మటుకు వాడు సొంతంగా అనుకుని కాయించింది. వాడికి ముక్కు పోయాక కాచింది. "ఇందులో మన తాటిబెల్లం వేసేనండి. కిందటి క్రిస్మస్‌కి మీరు పంపించేరు కదా, అదే."

పోశాడు. ఇంత అందమైన నురుగు మొదటి రెండింటికీ లేదు. గ్లాసు దగ్గరికి తీసుకోగానే, నిప్పుల్లో కాల్చిన తాటిపండు తొక్క ఒలిచినట్టు వచ్చింది. నేను నవ్వాను కూడా. అప్పుడు దాని వెనకనించి ఇంకొకటి వచ్చింది. తడిసిన గోనెసంచి. ముక్కిపోయిన బియ్యం. గుక్క వేస్తే మింగాక కూడా అదే మిగిలింది.

ఆ వాసన ఎక్కడిదో వెతుక్కోనక్కరలేదు. అది మా అటక. కిందటేడు వేసవిలో కొన్న తాటిబెల్లం నేను గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టాను. వానల్లో పెంకు జరిగి ఆ మూల కారింది. బెల్లం పైన తుడిచి, ఎండలో పెట్టి, బాగానే ఉందిలే అనుకుని వాడికి పార్సిలు కట్టాను.

"ఎలా ఉంది వదినా?"

వాడి కళ్ళల్లోకి చూశాను. ఆరేళ్ళ పిల్లవాడు మొదటిసారి తన చేత్తో టీ పెట్టి తెచ్చి నిలబడ్డప్పుడు అలాగే చూశాడు. అందులో టీ పొడి మర్చిపోయాడు. అప్పుడు నేనేమన్నానో ఇప్పుడూ అదే నోట్లోంచి వచ్చింది.

"బ్రహ్మాండంగా ఉందిరా."

"రెండోదానికన్నానా?"

"రెండోదానికన్నా."

మర్యాద అని నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే. మిగతా సగం, ఆ గోనెసంచి నాది కావడం. వాడు సంతోషంతో లేచి ఫోనులో ఓనరుగారికి రాసేశాడు, మూడోదే కాయండి అని. గేటు దగ్గర మా ఆయన దగ్గారు.

మర్నాడు పొద్దుటే వాడు బస్సెక్కాలి. నేను మూడు సీసాలూ పట్టుకుని కాలవ రేవులోకి దిగాను, కడిగి పెడదామని. నీళ్ళ మీద పల్చటి పొగ, అవతలి ఒడ్డు కొబ్బరిచెట్లు సగం నించి పైకే కనిపిస్తున్నాయి. మొదటి సీసా ముక్కు దగ్గర పెట్టుకుంటే రాత్రి గడిచాక కూడా కాఫీ గింజ. రెండోది పాలమీగడ. మూడోదాంట్లో తాటిపండు పోయింది, కాల్చిన వాసన పోయింది. ఉన్నది ఒక్క అటకే. తేలికైనవన్నీ ఎగిరిపోయి అబద్ధం ఒక్కటీ అడుగున కూర్చుంది.

వెనక మెట్ల మీద చెప్పుల చప్పుడు. చిన్నోడు సంచీ భుజానికి తగిలించుకుని దిగాడు. "ఆ మూడోది పారెయ్యకండి వదినా. దాచండి. నా మొదటి బీరు."

నేను తిరగలేదు. నీళ్ళ వైపు చూస్తూనే చెప్పాను. "చిన్నోడా, అది బాగాలేదురా."

"ఏదండి?"

"నీది. ముక్కిపోయిన వాసనొస్తోంది. నిన్న కూడా వచ్చింది. తప్పు నీది కాదు, బెల్లానిది. అటక మీద తడిసింది. నేను తుడిచి పంపేశాను."

కాలవలో గుర్రపుడెక్క ఆకు ఒకటి మా ముందునించి తిరుగుతూ పోయింది.

"నాకు ముక్కు లేదని మీ ముక్కు అడుక్కుంటే, మీరు దానికి కూడా మర్యాదలు నేర్పేరా వదినా!" అన్నాడు. గొంతులో కోపం ఉంది, అడుగున నవ్వు కూడా ఉందేమో, అప్పుడు నాకు తెలీలేదు. మెట్టు మీద కూలబడ్డాడు.

"ఓనరుగారికి ఫోన్ చెయ్యి. రెండోది కాయమను."

"నిన్న మూడోదన్నాను కదండీ. ఎందుకు మార్చేవంటారు."

"మా వదిన అబద్ధం చెప్పిందని చెప్పు."

"మధ్యలో మీ వదినెవరయ్యా అంటారండి. అప్పుడు అంతా చెప్పాలి."

"చెప్పు మరి."

"చెబితే పనుండదండి."

"చెప్పకపోతే?"

వాడు తడి సీసాని చేతిలోకి తీసుకుని, మామూలుగా ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, అలవాటుకొద్దీ. దించాడు. అప్పుడు ఫోను తీశాడు.

ఓనరుగారితో వాడు మాట్లాడింది ఇంగ్లీషు. నాకు తెలిసిన మాటలు రెండే వినిపించాయి. 'స్మెల్' అన్నది ఒకటి. రెండోది 'వదిన'. ఆ మాటకి ఇంగ్లీషు తోచలేదో ఏమో, మూడుసార్లు వదినా వదినా అనే అన్నాడు. తరవాత వినడమే. ఆయ్ సార్, ఆయ్ సార్, అని అటువైపువాళ్ళకి అర్థం కాకపోయినా అంటూనే ఉన్నాడు. నేను ఆ కాసేపట్లో సీసాలు ఎన్నిసార్లు కడిగానో.

ఫోను జేబులో పెట్టుకున్నాడు. "రెండోదే కాస్తారటండి. ముక్కు వచ్చేదాకా రుచి బల్ల దగ్గరికి రావద్దన్నారు. గింజలు వేయించే చోట నిలబడమన్నారు."

"పొమ్మనలేదుగా?"

"పొమ్మన్లేదండి." లేచాడు. రెండు మెట్లెక్కి ఆగాడు. "చెప్పినందుకు పొమ్మన్లేదు గానీ, నాలుగు నెలలు చెప్పనందుకు తిట్టేరండి."

వెళ్ళేముందు నేను వంటింట్లోకి పరిగెత్తి నాలుగు చిన్న డబ్బాలు నింపాను. లవంగాలు, మెంతులు, కాఫీ పొడి, కాల్చిన కొబ్బరి చిప్ప ముక్క. రోజూ పొద్దుటే వాసన చూడమన్నాను. రాకపోయినా, రావాల్సింది ఏమిటో తలుచుకుంటూ చూడమన్నాను. వాడు రోజూ ఫోను చేసేవాడు. "ఏం లేదండి." "ఇవాళా ఏం లేదండి." ఆ మాట వినడం అలవాటయిపోయింది. క్రిస్మస్ నక్షత్రం కట్టే రోజుల్లో ఒక పొద్దున్న ఫోను తీస్తే, అవతల ఊపిరి చప్పుడే వినిపించింది. తరవాత, "మెంతులేనాండి ఇవి? చేదుగా, దూరంగా, పక్కింట్లో వేగుతున్నట్టు?" అన్నాడు. నేను మా మెంతుల డబ్బా మూత తీసి పీల్చి, అవునన్నాను.

మళ్ళీ వేసవిలో తాటిబెల్లం కొన్నాను. అటక ఎక్కించలేదు. గాజు జాడీలో పెట్టి, మూతకి గుడ్డ కట్టి, రోజూ వాసన చూసి మరీ పంపాను.

వానలు పట్టి వదిలాక వాడు వచ్చాడు. ఒకే సీసా తెచ్చాడు, ఆ బెల్లంతో మళ్ళీ కాచింది. వస్తూ దారిలో రెండు గాజు గ్లాసులు కూడా కొన్నాడు. అరగంట ముందు ఫ్రిజ్‌లోంచి తీసి, ఇద్దరం వసారాలో కూర్చున్నాం. పైకప్పు మీద నీళ్ళ వెలుగు కదులుతోంది. కళ్ళు మూసుకున్నాను. కాల్చిన తాటిపండు, దాని వెనక ఖర్జూరం, దాని వెనక కొత్త బెల్లం తప్ప ఇంకేమీ లేదు. మింగి, కాసేపు ఆగాను.

"ఎలా ఉంది వదినా?"

నాలిక చివర బ్రహ్మాండం సిద్ధంగానే ఉంది. మింగేశాను. "తీపి ఒక పిసరు ఎక్కువైంది. చివర కొంచెం నీళ్ళబడింది."

వాడు తన గ్లాసు మొహానికి ఆనించుకుని కళ్ళు మూసుకున్నాడు. నేను వాడి మొహం చూశాను. ఏం చూస్తున్నాడో నాకు కనపడదు, అయినా చూశాను. గుక్క వేశాడు.

"తీపి ఎక్కువేనండి" అన్నాడు. మళ్ళీ ఇంకో గుక్క. "నీళ్ళబడిందంటే మటుకు నేనొప్పుకోను వదినా. అక్కడే మినపసున్ని వాసనుంది. మీరు తొందరపడి మింగేస్తన్నారు."

"నాకే నేర్పుతావుట్రా!"

"మళ్ళీ చూడండి మరి."

మళ్ళీ చూశాను. గేటు దగ్గర మా ఆయన దగ్గారు. కోడే అయ్యుంటుందని మేం కళ్ళు తెరవలేదు.